చాపకి అవతలి వైపు

తాయారమ్మగారు తన దగ్గరికి వచ్చిన మనిషికి ఎదురుగా ఎప్పుడూ కూర్చోరు. కార్డులు చూపించుకోవడానికి వచ్చినవాళ్లు చాప మీద ఒక పక్కన సర్దుకోగానే ఆవిడ మోకాళ్లు పట్టుకుని లేచి, చాప చుట్టూ నడిచి వెళ్లి, వాళ్ల భుజం పక్కన చోటు చేసుకుని కూలబడతారు. డెబ్బై దాటిన మనిషి. ఆ లేవడమూ నడవడమూ మళ్లీ కూర్చోవడమూ చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. "మీరుండండమ్మగారూ, నేనే అటొస్తాను" అని వచ్చినవాళ్లు లేవబోతే, "కదలకు. నీ చోటు నీదే" అంటారు. ఆ తర్వాతే పేక వాళ్ల చేతికిచ్చి కలపమంటారు.

విశాఖపట్నం పాత ఊళ్లో, కిటికీ తెరిస్తే రేవు నుంచి ఇనపరాయి ఎర్రదుమ్ము వచ్చి గడప మీద పేరుకునే మేడగది ఆవిడది. ఒకప్పుడు రైల్వే ఆసుపత్రిలో నర్సు. అక్కడి ఆంగ్లో ఇండియన్ హెడ్ నర్సు ఒకావిడ ఊరు విడిచి వెళ్లిపోతూ ఆ టారో బొమ్మల పేకని తాయారమ్మగారికి ఇచ్చి, చదవడం నేర్పి వెళ్లింది. తాయారమ్మగారు జోస్యం చెప్పరు. "రేపేం జరుగుతుందో ముక్కకేం తెలుసు? ఇవాళ నీ మనసులో ఏం మెదులుతోందో చూసుకోవడానికి బొమ్మని అడ్డం పెట్టుకుంటాం, అంతే" అంటారు. డబ్బు పుచ్చుకోరు. అందుకేనేమో ఆ మెట్లెక్కి వచ్చేవాళ్లలో సైకాలజిస్టు దగ్గరికి వెళ్లగలిగినవాళ్లు తక్కువ. చేపలమ్మేవాళ్లూ, అపార్టుమెంట్లలో అంట్లు తోమేవాళ్లూ, మొగుళ్లు సముద్రం మీదికి పోయి తిరిగి రానివాళ్లూ ఎక్కువ.

సుచరిత ఆవిడ దగ్గర శిష్యురాలిగా చేరడానికి కారణం కూడా అదే. పొలిటికల్ సైన్స్ ఎం.ఏ. చదివింది. యూనివర్సిటీ గేటు దగ్గర జరిగిన ప్రతి ధర్నాలోనూ ముందు వరసలో నిలబడింది. కానీ ఆమె ఎవరికోసం అరుస్తోందో ఆ ఆడవాళ్లు మీటింగులకి వచ్చేవాళ్లు కాదు. ఒకరోజు తాయారమ్మగారి మెట్ల మీద వాళ్లు వరసకట్టి కూర్చుని ఉండటం చూసింది. "మీటింగుకి రాని జనం పేకముక్కల దగ్గరికి వస్తున్నారంటే తప్పు జనానిది కాదు, మీటింగుది" అని స్నేహితులతో వాదించి మరీ వచ్చి చేరింది. బొమ్మలన్నీ తొందరగా నేర్చుకుంది. ఒక్క విషయంలో మాత్రం గురువుగారితో పేచీ పెట్టుకునేది. తలకిందులుగా పడిన ముక్కకి అర్థం తిరగబడుతుందని తాయారమ్మగారు చెబితే, "నిజానికి తలా కాళ్లూ ఉండవండీ. ఎటునుంచి చూసినా నిజం నిజమే" అనేది. తాయారమ్మగారు "ఊఁ" అని ఊరుకునేవారు.

ఒక సాయంత్రం, అందరూ వెళ్లిపోయాక, సుచరిత ఉండబట్టలేక అడిగేసింది. "ఎదురుగా ఎందుకు కూర్చోరు మీరు? ఎదురుగా ఉంటే వాళ్ల మొహం కనిపిస్తుంది. కళ్లలోకి చూసి మాట్లాడచ్చు. ఆ మోకాళ్లతో ఈ ప్రదక్షిణాలెందుకు?"

"మొహం కనిపిస్తుంది, నిజమే" అన్నారు తాయారమ్మగారు పేకని గుడ్డలో చుడుతూ. "అడిగావుగా. చెప్తాలే." ఆవిడకి ప్రశ్నలకి అప్పటికప్పుడు జవాబు చెప్పే అలవాటు లేదు. మర్నాడు కంటి ఆపరేషనుకి ఆసుపత్రిలో చేరారు. గది తాళం సుచరితకి ఇచ్చి, "ఎవరైనా వస్తే మంచినీళ్లిచ్చి, నేను లేనని చెప్పు" అని మాత్రం చెప్పి వెళ్లారు.

పైడితల్లి వచ్చింది ఆ మధ్యాహ్నమే. నలభైకి దగ్గరపడిన మనిషి. ఐసులో నాని నాని చేతివేళ్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. గొంతు బొంగురు. "అమ్మగోరు లేరేటి?" అంది గుమ్మంలోంచే.

"ఆసుపత్రికి వెళ్లారు. నేను ఆవిడ దగ్గరే నేర్చుకుంటున్నాను. రండి, కూర్చోండి."

ఆమె కూర్చోలేదు. వెళ్లిపోబోయింది కూడా. అప్పుడు సుచరిత ఆమె ఎర్రని కళ్లు చూసి, "రొయ్యల ఫ్యాక్టరీయా మీది?" అని అడిగింది. ఆ ఒక్క మాటకి పైడితల్లి చాప మీద చతికిలబడి, చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఊరి చివరి రొయ్యల ఫ్యాక్టరీలో కిందటి వారం అమ్మోనియా గ్యాసు లీకైన సంగతి ఊరందరికీ తెలుసు. రొయ్య చెడిపోకుండా ఉండాలంటే చల్లదనం కావాలి. దానికోసం కోట్లు పోసి గొట్టాలు వేశారు. మనిషికి గాలి కావాలన్న సంగతి ఎవరికీ తోచలేదు. ఇద్దరు అమ్మాయిలు చచ్చిపోయారు. యజమాని గేటు ముందు కొవ్వొత్తి వెలిగించి ఫొటో తీయించుకున్నాడు.

"ఆ ఇద్దర్లో కుసుమ నా పక్కనే నిల్చుని రొయ్యలొలిసేది పాపా" అంది పైడితల్లి. "కంపెనీవోలు ఏటంటన్నారంటే, దొడ్డితలుపు తీసే ఉందంట. ఆడగుంటలే బెదిరిపోయి లోనకి పరిగెట్టీసినారంట. తలుపు తీసి నేదు. తాళవేసుంది. నాను లాగి సూసినాను. నాతోపాటు మా బల్లకాడ పన్జేసే మావోళ్లు ముగ్గురు లాగినారు. ఆడోళ్లం మాటిమాటికీ బయటికెళ్లి కూకుంటన్నామని సూపర్‌వైజరు ఎప్పుడూ తాళవేసే ఉంచుతాడు. సోమారం పెద్దాపీసరు ఇచారణకొస్తాడంట. అడిగితే సెప్పాలో వొద్దో తోచట్నేదు. నా కూతురు రోజా కూడా అక్కడే పన్జేస్తాది. సెప్పకుండా ఉందారంటే కుసుమ నన్ను నిద్దరోనివ్వట్నేదు."

సుచరిత ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ పుస్తకాల్లో చదివిందంతా, గోడల మీద రాసిందంతా, చాపకి అవతలి వైపు చెంగు నోట్లో కుక్కుకుని కూర్చుని ఉంది. తాయారమ్మగారు చెప్పి వెళ్లిన మాట గుర్తొచ్చింది. కానీ సోమవారానికి ఆవిడ రారు. ఒక మనిషి దారి తోచక కూర్చుంటే మంచినీళ్లిచ్చి పంపేయడం పిరికితనం అనుకుంది. పేక తీసి పైడితల్లి చేతికిచ్చింది. బిగుసుకుపోయిన వేళ్లతో ఆమె ఎలాగో కలిపి ఇచ్చింది. సుచరిత మూడు ముక్కలు తీసి, తను చదువుకోవడానికి వీలుగా తనవైపు తిప్పి పరిచింది.

మొదటి ముక్కలో, ఒలికిపోయిన గిన్నెల ముందు నల్లముసుగు మనిషి తల వంచుకుని ఉన్నాడు. "ఇది కుసుమ కోసం మీ ఏడుపు" అంది సుచరిత. రెండో దాంట్లో కళ్లకి గంతలు కట్టుకున్న ఆడమనిషి రెండు కత్తులు గుండెకి అడ్డంగా పట్టుకుని కూర్చుని ఉంది. "ఇది ఇప్పటి మీరు. అటా ఇటా తేలక." మూడోది తిప్పింది. కత్తుల ఆసు. మబ్బులోంచి ఒక చెయ్యి బయటికొచ్చి కత్తి పట్టుకుని ఉంది. మొన మీద కిరీటం.

పైడితల్లి ముందుకి వంగి చూసింది. "ఇదేటి పాపా, కత్తి నా మీదికుంది?"

"మీదికి కాదు, పైకి. చూడండి, మొన మీద కిరీటం కూడా ఉంది. ఇది నిజం చెప్పే కత్తి. మొత్తం పేకలో ఇంత బలమైన ముక్క ఇంకోటి లేదు."

"నీకు పైకేమో. నాకైతే నా వొళ్లోకే ఉంది."

సుచరిత నవ్వింది. "మీరు అటు కూర్చున్నారు కాబట్టి అలా కనిపిస్తోంది" అంది. ముక్కని తిప్పలేదు. తనూ లేవలేదు. "మౌనంగా ఉండటం కూడా నేరంలో భాగమే పైడితల్లిగారూ. మీరు నోరు మూసుకుంటే రేపు ఇంకో కుసుమ చచ్చిపోతుంది. భయపడేవాళ్లు ఉన్నంతకాలం భయపెట్టేవాళ్లు ఉంటారు. వెళ్లి చెప్పండి. ఈ ముక్క చెబుతున్నది అదే."

పైడితల్లి వేలితో ఆ కత్తి మొనని తడిమి చూసింది. తర్వాత, మొహమాటపడుతూ, ఒక సాయం అడిగింది. "మావోళ్లు ముగ్గురూ కూడా సెప్తే బాగుణ్ణు పాపా. ఆళ్లకి బయం. నా మాట ఇన్రు. నువ్వొకపాలి మా ఈదికొచ్చి ఆళ్లతో మాటాడతావేటి? సదువుకున్నదానివి, నువ్వు సెప్తే ఇంటారు. సోమారం ఆ గేటు కాడికి నువ్వు కూడా వొస్తే నాకు కూసింత దైర్నంగా ఉంటాది."

సుచరిత దగ్గర దీనికీ జవాబు ఉంది. సెమినార్లలో నేర్చుకున్నది. "అది సరికాదండీ. ఈ పోరాటం మీది. మీ గొంతు మీదే అవ్వాలి. నాలాంటిది మధ్యలోకొచ్చి మాట్లాడితే మీ గొంతు నేను లాక్కున్నట్టవుతుంది. మీరొక్కరు లేచి చెప్పండి చాలు. ఒక గొంతు లేస్తే వెనకాల వంద గొంతులు లేస్తాయి."

"అయ్యన్నీ నాకు తెలీవు. కత్తి మంచిదే అంటావు కదా?"

"మంచిదే."

పైడితల్లి లేచి, ముక్కలకి దణ్ణం పెట్టుకుని వెళ్లిపోయింది. ఆమె మెట్లు దిగుతుంటే సుచరిత కళ్లు చెమర్చాయి. చరిత్ర అంటే ఇలాంటి మధ్యాహ్నాలేనని అనుకుంది. సోమవారం నాడు ఆమె కలెక్టరాఫీసు దగ్గర, గ్యాసు బాధితులకి న్యాయం చెయ్యాలని జరిగిన ధర్నాలో, గొంతు పోయేదాకా నినాదాలిచ్చింది. ఫ్యాక్టరీ గేటు దగ్గరికి మాత్రం వెళ్లలేదు.

అక్కడ పైడితల్లి చెప్పింది. తలుపుకి తాళం వేసి ఉందని, తను లాగి చూశానని, అధికారి ముందు, యజమాని మనుషుల ముందు, చేతులు వెనక్కి పెట్టుకుని చెప్పింది. అధికారి మిగతా ముగ్గురినీ అడిగాడు. వాళ్లు నేలచూపులు చూస్తూ మేం చూళ్లేదన్నారు. వంద గొంతులు లేవలేదు. ఒక్క గొంతు లేచింది, మేనేజరుది. చాలా మర్యాదగా ఉంది. తాళం వేసి ఉన్న మాట నిజమేనని ఇవాళే తమకి తెలిసిందన్నాడు. ఆ బల్ల దగ్గర ఆడవాళ్లందరికీ పెద్ద ఈవిడేనన్నాడు. వాళ్లు పని మానేసి బయటికి పోతున్నారని తాళం వేయించింది ఈవిడే అయ్యుండాలి, కాకపోతే అందరికంటే ముందు ఈవిడకెలా తెలుస్తుంది, అన్నాడు. సూపర్‌వైజరు అవునన్నాడు. ఆ ముగ్గురిని మళ్లీ అడిగితే వాళ్లు ఈసారి కూడా తల ఎత్తలేదు, కాకపోతే ఊపారు.

ఆదివారం దాకా తెరిచి ఉన్న తలుపు సోమవారం సాయంత్రానికల్లా మూసుకుంది. తాళం దొరికింది. తాళం వేసిన చెయ్యి కూడా దొరికింది. గొట్టానికి మాటువేయించని వాడు కారెక్కి ఇంటికి పోయాడు, తలుపు లాగిన మనిషి పోలీసు జీపెక్కింది. జీపు కదులుతుంటే కుసుమ తల్లి పరిగెత్తుకొచ్చి, ఇంత దుమ్ము దోసిట్లోకి ఎత్తి పైడితల్లి మొహాన కొట్టింది. రోజాని మర్నాడు గేటు లోపలికి రానివ్వలేదు.

తాయారమ్మగారు నల్లద్దాలు పెట్టుకుని ఇంటికి వచ్చేసరికి సుచరిత గదిలో పచార్లు చేస్తూ ఉంది. జరిగిందంతా చెప్పింది. కంపెనీని తిట్టింది, అధికారిని తిట్టింది, పోలీసుల్ని తిట్టింది, ఆ ముగ్గురు ఆడవాళ్లని తిట్టబోయి ఆగిపోయింది. డబ్బున్నవాడి అబద్ధం ముందు పేదవాడి నిజం నేరమైపోతుందని అరిచింది. తాయారమ్మగారు గోడకి ఆనుకుని అంతా విన్నారు.

"నువ్వన్నదంతా నిజమే" అన్నారు చివరికి.

"మరి నేను చేసిన తప్పేమిటి? నిజం చెప్పమనడం తప్పా? ముక్క అబద్ధం చెప్పిందా?"

"ఆసు ఎలా పడింది?"

"నిటారుగా."

"ఎవరికి?"

సుచరిత పచార్లు ఆపి చాప మీద కూర్చుంది. పైడితల్లి అన్న మాట అప్పటిదాకా ఆమె చెప్పనే లేదు. ఇప్పుడు చెప్పింది. మొన తన ఒళ్లోకి ఉందని ఆమె అనడమూ, తను నవ్వడమూ, వీధిలోకి రమ్మంటే రాననడమూ చెప్పింది. చెబుతున్నకొద్దీ గొంతు తగ్గిపోయింది. ఆ తర్వాత ఉక్రోషంగా, "ఆ రోజు అడిగినప్పుడే మీరు చెప్పి ఉంటే!" అంది.

"చెబితే వినేదానివా?" అన్నారు తాయారమ్మగారు. కోపంగా అనలేదు. "రేపు జైల్లో ములాఖత్ ఉందట, రోజా ఆసుపత్రికొచ్చి చెప్పింది. రాత్రికి ఇక్కడికే వచ్చి ఉండమన్నాను. ఈ అద్దాలతో నాకు దారి కనిపించదు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లు."

ములాఖత్ గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఇనప జాలీ ఉంది. దాని అవతల మనిషి పట్టేంత ఖాళీ, ఆ ఖాళీకి అవతల ఇంకో జాలీ. ఇటు వచ్చినవాళ్లు, అటు ఖైదీలు, అందరూ ఒక్కసారే అరుస్తున్నారు. ఒకామె తన పసిబిడ్డని జాలీకి ఎత్తి పట్టుకుని పేరు పెట్టి పిలుస్తోంది. పైడితల్లి అవతల నిలబడి ఉంది. మొహం సగమే కనిపిస్తోంది, మిగతా సగం ఇనుము.

"రోజా తింటందా?" అన్నది ఆమె మొదటి మాట.

"మా ఇంట్లోనే ఉంది. తింటోంది" అన్నారు తాయారమ్మగారు.

అప్పుడు పైడితల్లి సుచరితని చూసింది. సుచరిత ఏదో ఒకటి అనాలనుకుంది. నోట్లోకి అలవాటైన మాటే వచ్చింది. "మేమందరం మీ వెంటే ఉన్నాం" అంది.

"ఏటి? ఇనబడ్డం నేదు పాపా."

మళ్లీ అరవాల్సి వచ్చింది. ఆ గోలలో, జాలీకి మొహం ఆనించి, ఆ మాటని రెండోసారి అరిచినప్పుడు, అది ఎంత బోలుమాటో సుచరితకే వినిపించింది. పక్కనున్న వాళ్లెవరో తిరిగి చూశారు.

పైడితల్లి తల ఊపింది. తిట్టలేదు. తిట్టి ఉంటే సుచరిత నిలబడగలిగేది. "ఆ కత్తి బొమ్మ" అంది పైడితల్లి, గొంతు పెంచి. "నాను ఎల్లిపోయినాక ఇటేపుకొచ్చి సూసినావా?"

"లేదు."

"సూస్తావనుకున్నాను" అంది పైడితల్లి. తర్వాత తాయారమ్మగారి వైపు తిరిగి, "ఆ ముగ్గుర్నీ ఏటీ అనొద్దని రోజాకి సెప్పండమ్మగోరూ. ఆళ్లకీ పిల్లలున్నారు. నాకాడికి ఎవులైనా ఒకలొచ్చి నిల్చునుంటే ఆళ్లూ నిల్చుందురేమో. ఎవులికి తెలుసు" అంది. అటువైపు వార్డరు ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆమె వెళ్లిపోతూ ఒకసారి వెనక్కి చూసింది, అంతే.

అప్పుడు సుచరిత జాలీ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. ఎక్కడో ఒక చోట అది ఆగిపోతుందన్నట్టు, అక్కడ తిరిగితే అవతలికి పోవచ్చన్నట్టు, వేళ్లు ఇనుము మీద ఈడ్చుకుంటూ గోడ దాకా పోయింది. గోడ దగ్గర జాలీ సిమెంటులోకి దిగి ఉంది. వెనక్కి తిరిగి రెండో గోడ దాకా వచ్చింది. అక్కడా అంతే. "ఏంటమ్మా అది? అటు దారి లేదు, టైమైపోయింది, నడవండి" అని ఇటువైపు వార్డరు కసిరింది.

నల్లద్దాల వెనక ఏమీ కనిపించక తాయారమ్మగారు గాలిలో చెయ్యి చాపి తడుముకుంటున్నారు. సుచరిత వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్లకి తుప్పు అంటి ఉంది.

"అమ్మా, ఆవిడ పక్కకి ఎటునుంచి వెళ్లాలి?" అంది, చిన్నపిల్లలా.

తాయారమ్మగారు ఆ వేళ్లు తడిమి, తుప్పుని చెంగుతో తుడిచారు. తలుపు వైపు అడుగేస్తూ అన్నారు.

"ఆ రోజు మీ మధ్య చాప ఒక్కటే ఉందమ్మా."